అల్జెసిరాస్ ముట్టడి (1342–44): ఊరిని పడగొట్టింది ఫిరంగులా, ఓడలా, డబ్బా?

కోటగోడ:
నిన్న రాత్రి పాత యుద్ధాల మీద ఒక వీడియో చూశాను. "కాస్టీల్ రాజు అల్జెసిరాస్‌ను ఫిరంగులతో పేల్చి పట్టుకున్నాడు, యూరప్‌లో ఫిరంగి మొదటిసారి మోగింది అక్కడే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. కింద కామెంట్లలో అందరూ ఆహా ఓహో. ఆ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి, అందుకే ఈ దారం మొదలుపెడుతున్నా.

తెలియనివాళ్ల కోసం ముందు కథ. స్పెయిన్ దక్షిణ కొసన, ఆఫ్రికాకు ఎదురుగా ఉన్న జలసంధి ఒక చోట 14 కిలోమీటర్లకు మించి వెడల్పు ఉండదు. అక్కడ ఒక అఖాతం, దానికి తూర్పున జిబ్రాల్టర్ కొండ, పడమటన అల్జెసిరాస్. 711లో తారిక్ సైన్యం దిగింది ఈ చుట్టుపక్కలే. ఆ తర్వాత ఆరు వందల ఏళ్లపాటు మొరాకో వైపు నుంచి ఎవరు సైన్యంతో వచ్చినా ఇదే గుమ్మం. 1330ల నాటికి ఆ గుమ్మం తాళం మొరాకోను ఫెజ్ నుంచి ఏలుతున్న మరీనిద్ వంశపు సుల్తాన్ అబూ అల్ హసన్ చేతిలో ఉంది. 1333లో జిబ్రాల్టర్‌ను కాస్టీల్ (స్పెయిన్‌లోని క్రైస్తవ రాజ్యం) నుంచి లాక్కున్నాడు. 1340 ఏప్రిల్‌లో కాస్టీల్ ఓడల దళాన్ని చాలావరకు ముంచేశాడు, వాళ్ల అడ్మిరల్ జోఫ్రె తెనోరియో ఆ పోరులోనే చచ్చిపోయాడు. ఆ ఊపులో జలసంధి ఒడ్డునే ఉన్న తరీఫా ఊరి మీద పడ్డాడు. అప్పుడు కాస్టీల్ రాజు పదకొండో అల్ఫోన్సో, ఆయన మామగారు పోర్చుగల్ రాజు నాలుగో అఫోన్సో కలిసి 1340 అక్టోబర్ 30న సలాదో నది దగ్గర సుల్తాన్‌నీ, స్పెయిన్‌లోని ముస్లిం రాజ్యం గ్రనాడా రాజు మొదటి యూసుఫ్‌నీ చిత్తుగా ఓడించారు.

మైదానంలో గెలిచారు సరే, గుమ్మం మాత్రం తెరిచే ఉంది. దాన్ని మూయడానికి అల్ఫోన్సో 1342 ఆగస్టు 3న అల్జెసిరాస్ ముందు గుడారాలు వేశాడు. ఊరు లొంగింది 1344 మార్చి 26న. దాదాపు ఇరవై నెలలు! ఫిరంగులతో పేల్చి పట్టుకున్న ఊరికి ఇరవై నెలలు ఎందుకు పడుతుందండీ? నా మటుకు నాకు ఇది సముద్రం మీద తేలిన ముట్టడి. మీరేమంటారు?

మందుగుండు మస్తాన్:
మన సబ్జెక్టు వచ్చింది, ఆగలేను 😀

మొదటి తప్పు: ఫిరంగులు ఉన్నది లోపలివాళ్ల దగ్గర. బయట ఉన్న కాస్టీల్ దండుకు కాదు. అల్ఫోన్సో రాజు క్రానికల్‌లో, అంటే ఆయన పాలన గురించి రాసిన చరిత్రలో, ఇది స్పష్టంగా ఉంది, రాసినవాళ్లు కాస్టీల్ పక్షం వాళ్లే కాబట్టి శత్రువుకు లేని గొప్ప అంటగట్టే అవసరం వాళ్లకు లేదు. ఊళ్లోవాళ్లు ‘ఉరుముల’తో ఇనుప ఉండలు విసిరేవాళ్లట. ఉండ ఏ అవయవానికి తగిలితే అది కత్తితో కోసినట్టు ఊడిపోయేదట, కవచం అడ్డం వచ్చినా ఆగేది కాదట. గాయం ఎంత చిన్నదైనా మనిషి బతికేవాడు కాదట, అది మండుతూ రావడం వల్లా, దాన్ని పేల్చే పొడుల వల్లా అని రాశారు. మనం ఇవాళ ఇన్ఫెక్షన్ అంటాం, వాళ్లకు పొడి విషంలా కనిపించింది.

రెండో తప్పు ‘మొదటిసారి’. ఫ్లోరెన్స్ నగరం 1326లోనే ఇనుప ఉండలూ లోహపు ఫిరంగులూ చేయించమని ఉత్తర్వు ఇచ్చింది, కాగితం ఉంది. సరిగ్గా ఆ కాలపు ఒక ఇంగ్లిష్ చేతిరాత ప్రతిలో కుండలాంటి ఫిరంగి బొమ్మ కూడా ఉంది, నోట్లో బాణం పెట్టి పేలుస్తున్నట్టు. గ్రనాడా వాళ్లు 1324లో హుయెస్కర్ దగ్గర మంటతో పనిచేసే పెద్ద యంత్రం వాడారని అరబీ రచనల్లో ఉంది, అది నిజంగా ఫిరంగేనా అన్నదాని మీద పండితులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. కాబట్టి అల్జెసిరాస్ గురించి నమ్మకంగా అనగలిగింది ఇంతే: ఐబీరియాలో (స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ద్వీపకల్పం) ఒక పెద్ద ముట్టడిలో నెలల తరబడి ఫిరంగులు వాడారని, వాటి దెబ్బ తిన్నవాళ్లే వివరంగా రాసిపెట్టిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి.

అయినా అవి ఊరిని కాపాడలేదు కదా. ఆ కాలపు ఫిరంగి మనుషుల్ని చంపుతుంది, చెక్క బురుజుల్ని చీలుస్తుంది, గుండెల్లో దడ పుట్టిస్తుంది, అంతే. గోడ కూల్చే రోజులు ఇంకా వందేళ్ల దూరంలో ఉన్నాయి.

కొత్తగా వచ్చా:
అన్నలూ నమస్తే, నేను చదవడానికే వస్తుంటా, ఇవాళ ధైర్యం చేసి అడుగుతున్నా. చుట్టూ సైన్యం ఉంది, ఊరు మూసుకుని ఉంది. లోపల తిండి అయిపోతే ఆరు నెలల్లో లొంగిపోవాలిగా. ఇరవై నెలలు ఎట్లా తిన్నరు?

సరంగు:
తమ్ముడూ, దీనికి నేను చెప్తా. నేను మర్చంట్ నేవీ, కంటైనర్ షిప్పుల మీద పనిచేస్తా, అల్జెసిరాస్ మాకు రెగ్యులర్ పోర్టు. మధ్యధరా మొత్తంలో కంటైనర్లు అటు ఇటు మార్చే పెద్ద రేవుల్లో అది ఒకటి. యాంకరేజ్‌లో లంగరేసి ఉంటే ఒక పక్క అల్జెసిరాస్ క్రేన్లు, ఎదురుగా జిబ్రాల్టర్ రాయి. మధ్యలో నీళ్లు ఎంత అనుకున్నావ్? ఎనిమిది కిలోమీటర్లు, అటూ ఇటూగా. రాత్రి జిబ్రాల్టర్ లైట్లు లెక్కపెట్టుకోవచ్చు.

ఇప్పుడు ముట్టడి సంగతి ఆలోచించు. జిబ్రాల్టర్ మరీనిద్‌ల చేతిలోనే ఉంది. అంటే నేల మీద నువ్వు ఎంత కందకం తవ్వినా, అఖాతానికి అవతల ఒడ్డున శత్రువు గోదాం తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. చీకటి పడ్డాక చిన్న పడవలో పిండి, తేనె, వెన్న, మందుగుండు వేసుకుని తెడ్లు వేసుకుంటూ బయల్దేరితే తెల్లారేలోపు ఊళ్లో ఉంటాడు. గ్యాలీలకు, అంటే తెడ్లతో నడిచే పెద్ద యుద్ధ ఓడలకు, వాటిని పట్టుకోవడం మహా కష్టం, చిన్న పడవ ఒడ్డు వెంబడి రాళ్ల మధ్య నుంచి దూరిపోతుంది.

ఇక గాలి. అక్కడ రెండే గాలులు, తూర్పు నుంచి లెవాంతె, పడమర నుంచి పొనియెంతె. లెవాంతె లేచిందంటే రోజుల తరబడి వదలదు, మా లాంటి పెద్ద షిప్పులకే పైలట్ ఎక్కడం ఆపేస్తారు. ఇక 1343 నాటి గ్యాలీ సంగతి చెప్పేదేముంది. అంచు నీటికి చాలా దగ్గరగా ఉంటుంది, నూట చిల్లర మంది తెడ్డు వేసేవాళ్లు, వాళ్లకు తాగే నీళ్లే కొన్ని రోజులకు మించి ఓడలో పట్టవు. గాలి లేచినప్పుడల్లా అవి కాపలా వదిలేసి దాక్కోవాలి. సరిగ్గా ఆ రాత్రే అవతలివాడు చిన్న పడవ వదుల్తాడు. సముద్రాన్ని దిగ్బంధం చేయడం అంటే ఒక గీత గీసి నిలబడటం కాదు, ప్రతి రాత్రీ మళ్లీ మొదట్నుంచి చేయాల్సిన పని.

కోటగోడ:
సరంగు గారూ అద్భుతం, ఇది పుస్తకాల్లో దొరకదు.

దీనికి తోడు ఇంకో చిక్కు. అల్జెసిరాస్ ఒక ఊరు కాదు, రెండు. పాత ఊరు, కొత్త ఊరు, మధ్యలో మియెల్ నది, రెండింటికీ వేరువేరు గోడలు. చుట్టూ కందకం తవ్వడానికే నెలలు పట్టింది. మొదటి శరత్కాలంలో వానలు ఎడతెరిపి లేకుండా కురిసి దండు విడిదంతా బురద చెరువైంది, గుడారాలు మునిగాయి, గుర్రాలు చచ్చాయి, లోపలివాళ్లు అదును చూసి బయటికొచ్చి కొట్టి పోయేవాళ్లు. చెక్క బురుజులు కట్టి గోడ దాకా తోస్తే వాటిని తగలబెట్టేవాళ్లు. రాళ్లు విసిరే యంత్రాలు రెండు పక్కలా ఉన్నాయి. ఆ గుండ్రటి రాతి గుండ్లు తవ్వకాల్లో బయటపడ్డాయి.

సముద్రం వైపు అల్ఫోన్సో చేసిన ప్రయత్నం చూడండి. దుంగల్ని గొలుసులతో కట్టి నీళ్ల మీద అడ్డంగా పరిచాడు. తుఫాను వచ్చి తెంపేసింది. ఆఖరి శీతకాలంలో పీపాల మీద తేలే అడ్డుకట్ట మళ్లీ వేయించాడు. అది నిలబడ్డాకే లోపల నిజమైన ఆకలి మొదలైంది. అప్పుడు కూడా 1344 ఫిబ్రవరి చివర్లో కొన్ని పడవలు తిండితో దూరిపోయాయి. అడ్డుకట్టను ఇంకా బిగించిన నెల రోజులకు ఊరు లొంగిపోయింది. అందుకే అంటున్నా, ఓడలూ గొలుసులూ గెలిచిన యుద్ధం ఇది.

లెక్కల మాస్టారు:
అందరూ ఓడలు ఓడలు అంటున్నారు. ఆ ఓడలు ఎవరివి?

కాస్టీల్ సొంత దళం 1340లోనే మునిగింది. అల్ఫోన్సో జెనోవా నుంచి 15 గ్యాలీలు అద్దెకు తెచ్చుకున్నాడు. క్రానికల్ ప్రకారం ఒక్కో గ్యాలీకి నెలకు 800 బంగారు ఫ్లోరిన్లు, అడ్మిరల్ ఓడకు 1,500. లెక్క మీరే వేసుకోండి, నెలకు పన్నెండు వేలు దాటుతుంది, అది కూడా ఒక్క జెనోవా వాళ్లకే. వాళ్ల నాయకుడు ఎజీదియో బొక్కనెగ్రా, అప్పట్లో జెనోవాను ఏలుతున్న దోజె సిమోనె బొక్కనెగ్రాకు స్వయానా తమ్ముడు. పక్కనున్న క్రైస్తవ రాజ్యం అరగాన్ నుంచి పేరె దె మోంకాదా నడిపిన గ్యాలీలు వచ్చాయి. పోర్చుగల్ నుంచి కార్లుష్ పెస్సాన్యా వచ్చాడు, ఆ కుటుంబం మూలం కూడా జెనోవానే! మొత్తానికి స్పెయిన్ గడ్డ మీద క్రైస్తవ రాజు చేసిన ‘పవిత్ర యుద్ధం’లో సముద్రం పని సగం జెనోవా కాంట్రాక్టు.

ఈ జెనోవా వాళ్లు ఎవరనుకున్నారు? గ్రనాడా రాజ్యపు మాలగా రేవులో వ్యాపారం చేసేదీ వాళ్లే. రెండు పడవల మీద కాళ్లు పెట్టి కూడా పడిపోని జాతి. జీతం ఆలస్యమైతే మేం వెళ్లిపోతామని బెదిరించారు. వాళ్లు అవతలి పక్షానికి పోతారేమో అని అల్ఫోన్సో టెన్షన్ పడ్డాడు, అది ఉత్త భయమేమీ కాదు. తన వెండి సామాను కరిగించాడు, నగలు తాకట్టు పెట్టాడు, వ్యాపారుల దగ్గర చేబదుళ్లు తీసుకున్నాడు, పోప్ ఆరో క్లెమెంట్‌నీ ఫ్రాన్స్ రాజు ఆరో ఫిలిప్‌నీ అడిగి డబ్బు తెప్పించాడు.

వీటన్నిటికంటే పెద్దది పన్ను. 1342 మొదట్లో, ముట్టడికి ముందు, బుర్గోస్‌లో ఊళ్ల ప్రతినిధులను కూర్చోబెట్టి ‘అల్కబాలా’ అనే అమ్మకపు పన్నుకు ఒప్పించాడు. తర్వాత లియోన్ లాంటి ఊళ్లకూ వెళ్లి అదే పని. అమ్మిన ప్రతి వస్తువు మీదా ఇరవయ్యో వంతు, అంటే 5 శాతం. సామాన్యుడే కాదు, ప్రభువులూ కట్టాల్సిందే. అల్జెసిరాస్ పట్టుకునేదాకా మాత్రమే అని మాట ఇచ్చాడు.

ఆ పన్ను ఎప్పుడు పోయిందో తెలుసా? 1845లో.

కొత్తగా వచ్చా:
అయిదు వందల ఏళ్లు!! తాత్కాలికం అన్న పన్ను ఎప్పుడైనా పోయిందా మాస్టారూ 😂

కోటగోడ:
మాస్టారూ, డబ్బు ముఖ్యమే, కాదనను. కానీ డబ్బుంటే చాలదు కదా. ఊరికే డబ్బు వల్లే గెలిచాడు అంటే ఏ యుద్ధానికైనా ఆ మాట అతికించొచ్చు. ఈ ముట్టడికే ప్రత్యేకంగా అది ఎలా తేల్చింది?

లెక్కల మాస్టారు:
న్యాయమైన ప్రశ్న. జవాబు ఇదే ఊరి పాత చరిత్రలో ఉంది. అల్ఫోన్సో చేసింది మూడో ప్రయత్నం. ముందు రెండూ ఎలా పోయాయో చూడండి.

1278లో ఆయన ముత్తాత పదో అల్ఫోన్సో ఇదే ఊరిని ముట్టడించాడు, సముద్రం మీద ఓడలు నిలబెట్టాడు. చలికాలమంతా అవి అక్కడే. నావికులకు జీతాల్లేవు, తిండి లేదు, పళ్లు ఊడిపోయే జబ్బు పట్టుకుంది. వాళ్ల కోసం వసూలైన డబ్బు ఏమైందంటే, యువరాజు సాంచో మధ్యలో లాక్కుని, అలిగి అరగాన్ పుట్టింటికి వెళ్లిపోయిన తన తల్లిని వెనక్కి తెచ్చుకోవడానికి వాడేశాడు! 1279 వేసవిలో మరీనిద్ ఓడలు టాంజియర్ నుంచి వచ్చేసరికి కాస్టీల్ ఓడల్లో తిరగబడే ఓపిక ఉన్నవాడే లేడు. దళం మొత్తం పోయింది, ముట్టడి ఎత్తేశారు. అదే గాలి, అదే అఖాతం, ఊరు మాత్రం ఇంకా చిన్నది, ఎందుకంటే మీరు చెప్పిన ఆ రెండో ఊరు మరీనిద్‌లు కట్టింది ఈ ముట్టడి అయ్యాకే.

1309లో నాలుగో ఫెర్నాందో మళ్లీ వచ్చాడు. పక్కనున్న జిబ్రాల్టర్ దొరికింది కూడా. కానీ రాజుగారి బాబాయి హువాన్, దాయాది హువాన్ మాన్యుయెల్ ఇద్దరూ జీతబత్యాల గొడవలూ పాత పగలూ కలిపి ఐదు వందల గుర్రపు వీరులతో దండు వదిలి వెళ్లిపోయారు. 1310 జనవరిలో రాజు చేతులెత్తేశాడు.

1342లో తేడా ఏమిటి? గోడలు మారలేదు, ఆయుధాలు అవతలివాళ్లకే మెరుగయ్యాయి. మారింది ఒకటే, ఈసారి నెల నెలా జీతం అందింది. అప్పు చేసో, కరిగించో, పన్ను వేసో, ఇరవై నెలల పాటు ఓడల్ని అక్కడ నిలబెట్టగలిగాడు. సరంగు గారు చెప్పిన ఆ ‘ప్రతి రాత్రీ మళ్లీ మొదట్నుంచి చేసే పని’కి కూలి ఇచ్చినవాడు గెలిచాడు.

సరంగు:
మాస్టారికి దండం. జీతం రాని క్రూ ఎలా పనిచేస్తుందో నేను కళ్లారా చూశా, ఒక పాత కంపెనీలో, పేరు వద్దులెండి. లుకౌట్‌లో నిలబడ్డవాడికి ఏమీ కనపడదు.

ఇనుప టోపీ:
ఇంకో ముచ్చట ఉంది కదా, ఇంగ్లండ్ నుంచి డెర్బీ ఎర్ల్ హెన్రీ, సాలిస్‌బరీ ఎర్ల్ విలియం మోంటగ్యూ 1343లో అక్కడికి వచ్చి కొంతకాలం పోరాడారు. అక్కడ ఫిరంగులు చూసి, ఆ విద్య ఇంటికి పట్టుకుపోతే మూడేళ్లకు 1346లో ఫ్రాన్స్‌తో జరిగిన క్రెసీ యుద్ధంలో ఇంగ్లిష్‌వాళ్లు వాడారని చదివా. మస్తాన్ భాయ్ ఏమంటావ్?

మందుగుండు మస్తాన్:
వినడానికి బాగుంటుంది, కథ గుండ్రంగా అతుకుతుంది, అందుకే నమ్మను. పైన చెప్పా కదా, 1326 ప్రాంతపు ఆ ఫిరంగి బొమ్మ ఉన్నదే ఇంగ్లిష్ ప్రతిలో, అది వాళ్ల రాజు మూడో ఎడ్వర్డ్ కోసం తయారుచేసింది. పదిహేడేళ్ల ముందే ఇంట్లో బొమ్మ ఉన్న వస్తువు నేర్చుకోవడానికి జలసంధి దాకా రావాలా? దాని దెబ్బ ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూశారు, అది ఒప్పుకుంటా. అంతకుమించి ఆధారం లేదు.

విదేశీ దొరల గురించి అనాలంటే, వాళ్లవల్ల ముట్టడికి ఊపు కంటే ఖర్చే ఎక్కువ అనిపిస్తుంది నాకు. నవార్ రాజు మూడో ఫిలిప్ వచ్చాడు, జబ్బుపడి 1343 సెప్టెంబర్‌లో హెరెస్‌లో పోయాడు. ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న ఫ్వా ప్రాంతపు కౌంట్ రెండో గాస్తోన్ అదే నెలలో సెవీల్‌లో పోయాడు, అతను పోరు మధ్యలో వదిలి వెళ్లిపోతున్నాడని క్రానికల్ రాసినాయనకు బాగా కోపం కూడా. వేసవి జ్వరాలు ఫిరంగులకంటే ఎక్కువ దొరల్ని తీసుకెళ్లాయి.

గోదారి గట్టు:
ఇప్పటిదాకా అందరూ బయట ఉన్నవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. లోపల ఆడవాళ్లు, పిల్లలు, దుకాణం పెట్టుకున్నవాళ్లు ఉన్నారు కదా. చివరికి వాళ్లకు ఏమైంది? ఊచకోత కోశారా?

కోటగోడ:
లేదండీ, ఇక్కడ అది జరగలేదు. ముందు ఏం జరిగిందో చెప్తా. సుల్తాన్ తన కొడుకుతో సైన్యం పంపాడు, యూసుఫ్ గ్రనాడా నుంచి వచ్చాడు, ఇద్దరి దండ్లూ జిబ్రాల్టర్ వైపు చేరాయి. 1343 డిసెంబర్‌లో పల్మోనెస్ నది దగ్గర పోరు జరిగింది, అది అఖాతం తలభాగంలో, అల్జెసిరాస్‌కు చాలా దగ్గర. కాస్టీల్ దండు నది దాటి వాళ్లను తరిమింది. ఆ తర్వాత బయటి నుంచి సాయం వస్తుందన్న ఆశ పోయింది.

మార్చిలో యూసుఫ్ రాయబారిని పంపాడు. ఊరు అప్పగిస్తాం, జనాన్ని సామానుతో సహా క్షేమంగా వెళ్లనివ్వాలి, 15 ఏళ్లు సంధి కావాలి, ఏటా 12,000 బంగారు దోబ్లాలు కప్పం కడతాం అన్నాడు. అల్ఫోన్సో కొలువులో కొందరు ఒప్పుకోవద్దన్నారు, ఇంకొద్దిరోజులు ఆగితే ఆకలితో వాళ్లే చస్తారు, బలవంతంగా పట్టుకుందాం అని. రాజు ఒప్పుకున్నాడు, సంధి మాత్రం పదేళ్లకు తగ్గించాడు. జనం మూటాముల్లె సర్దుకుని జిబ్రాల్టర్ వైపు వెళ్లిపోయారు. మార్చి 28 మట్టల ఆదివారం. ఆ రోజు పెద్ద మసీదును చర్చిగా మార్చి పూజ చేయించుకున్నాడు, పల్మా అంటే మట్ట, అందుకే దానికి పల్మా మాత పేరు.

గోదారి గట్టు:
అంటే దయగల రాజన్నమాట.

లెక్కల మాస్టారు:
దయ కాదమ్మా, ఖజానా ఖాళీ. ఇంకో నెల జెనోవా వాళ్లకు కట్టే స్థితిలో లేడు.

గోదారి గట్టు:
మాస్టారూ, అన్నిటికీ డబ్బేనా! అదే స్పెయిన్‌లో 1487లో మాలగా లొంగినప్పుడు ఫెర్నాందో, ఇసాబెల్ ఏం చేశారో నేను చదివాను. మూడు నెలల ముట్టడి తర్వాత ఊరు ఊరంతటినీ బానిసలుగా లెక్కగట్టారు. తలకు 30 దోబ్లాల విడుదల సొమ్ము పెట్టారు, కట్టలేనివాళ్లను పంచుకున్నారు, వందమందిని పోప్‌కు బహుమతిగా పంపారు. వాళ్లకు కూడా డబ్బు అవసరమే. అదే అవసరం ఒకచోట జనాన్ని వదిలేయమంటే, ఇంకోచోట అమ్ముకోమంది. అంటే డబ్బు ఒక్కటే చెప్పదు, రాజు ఎవరన్నది కూడా చూడాలి.

లెక్కల మాస్టారు:
మంచి దెబ్బ. కానీ మాలగాకు సాయం వచ్చే దారే లేదు, గ్రనాడా అప్పటికి రెండు ముక్కలై కొట్టుకుంటోంది, ఆఫ్రికా నుంచి వచ్చేవాడు లేడు. అల్ఫోన్సోకు ఎదురుగా జిబ్రాల్టర్‌లో ఇంకా సైన్యం ఉంది, జలసంధికి అవతల ఆఫ్రికా ఒడ్డున సెయుటాలో సుల్తానే ఉన్నాడు. అలాంటప్పుడు ఎవడైనా దొరికిన బేరం ఖాయం చేసుకుంటాడు. రాజు మనసు కూడా ఉంటుంది, సరే, దానికి నా దగ్గర లెక్క లేదు.

[ఇక్కడ రెండు వ్యాఖ్యలు తొలగించబడ్డాయి]

నిర్వాహకుడు:
ఇప్పటి మన ఎన్నికలూ, మతాల గొడవలూ ఈ దారంలోకి తేవద్దు, వాటికి వేరే చోటుంది. అసలు ఈ ముట్టడినే ‘రెండు మతాల యుద్ధం’ అని సింపుల్‌గా చూస్తే అర్థం కాదు. గ్రనాడా రాజులకు మరీనిద్‌ల సాయం కావాలి, వాళ్లు వచ్చి తిష్ట వేస్తారన్న భయమూ ఉంది. 1309లో అరగాన్ క్రైస్తవ రాజు మరీనిద్ సుల్తాన్‌తో కలిసి గ్రనాడా చేతిలోని సెయుటాను పట్టించాడు. పద్ధతిగా మాట్లాడుకోండి.

కొత్తగా వచ్చా:
సారీ సార్ ఆ తీసేసిన వాటిలో నాది లేదు 🙏 ఒక డౌట్. పదేళ్ల సంధి అన్నారు కదా, పదేళ్లూ నిలబడిందా?

కోటగోడ:
ఐదేళ్లు. 1348లో అబూ అల్ హసన్ ట్యునీషియా వైపు కైరవాన్ దగ్గర చావుదెబ్బ తిన్నాడు, ఇక్కడ కొడుకు అబూ ఇనాన్ సింహాసనం లాగేసుకున్నాడు. మరీనిద్ ఇల్లు తగలబడుతుంటే అల్ఫోన్సోకు జిబ్రాల్టర్ గుర్తొచ్చింది. 1349లో ముట్టడి వేశాడు. ఈసారి దండులోకి ప్లేగు వచ్చింది, ఆ నల్లచావే. వెళ్లిపోదాం అని అందరూ బతిమాలినా కదల్లేదు. 1350 మార్చిలో అక్కడే పోయాడు, 38 ఏళ్లకు. ఆ మహమ్మారికి బలైన రాజుల్లో ఇంత పేరున్నవాడు ఇంకొకడు లేడు. శవాన్ని తీసుకెళ్తుంటే జిబ్రాల్టర్‌లోని ముస్లిం సైనికులు మీద పడకుండా ఊరుకున్నారని క్రానికల్ చెబుతుంది. దాన్ని గౌరవం అనండి, ప్లేగు దగ్గరికి పోదామని ఎవరికుంటుంది అనండి, మీ ఇష్టం.

ఇనుప టోపీ:
మరి ఆ బొక్కనెగ్రా? జీతం కోసం బెదిరించినాయన?

లెక్కల మాస్టారు:
ముట్టడి మొదలైన నెలలోపే పల్మా దెల్ రియో ఊరిని ఇనాముగా కొట్టేశాడు. కాస్టీల్ అడ్మిరల్‌గా ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాడు. తర్వాత అన్నదమ్ముల అంతర్యుద్ధంలో పక్షం మార్చాడు, అల్ఫోన్సో కొడుకు పెద్రో 1367లో పట్టుకుని చంపించాడు.

ఊరి గతి అంతకంటే అన్యాయం. ఆ అంతర్యుద్ధంలో 1369 మార్చిలో పెద్రో హతుడయ్యాడు. సరిహద్దు కోటల్ని చూసే నాథుడు లేడు. అదే వేసవిలో గ్రనాడా రాజు ఐదో ముహమ్మద్, అంటే మన యూసుఫ్ కొడుకే, వచ్చి మూడు రోజుల్లో అల్జెసిరాస్ తీసుకున్నాడు. ఇరవై నెలలు, అంత బంగారం, అంతమంది చచ్చి సాధించింది మూడు రోజుల్లో పోయింది. నిలబెట్టుకోలేనని తెలిసి 1379 ప్రాంతంలో గోడలు కూల్చి, రేవు పాడుచేసి వదిలేశాడు. మూడు వందల ఏళ్లకు పైగా అక్కడ ఊరన్నది లేదు. 1704లో ఇంగ్లిష్‌వాళ్లు జిబ్రాల్టర్ పట్టుకున్నాక, అక్కడి నుంచి పారిపోయి వచ్చినవాళ్లు మళ్లీ కాపురాలు పెట్టారు. అయినా స్పెయిన్ రాజుల పాత బిరుదుల జాబితాలో ‘అల్జెసిరాస్ రాజు’ అన్నది పోలేదు.

మందుగుండు మస్తాన్:
మూడు రోజులు ఎందుకంటే కాపలా లేదు, అవతల వీళ్లలో వీళ్లే నరుక్కుంటున్నారు. గోడలు అవే కదా? కాబట్టి కోటగోడ గారూ, మీ పేరుకు ఇది అవమానమే 😀 గోడ ఎప్పుడూ ఏమీ తేల్చదు.

కోటగోడ:
ఒప్పుకోను. 1344 దాకా ఇరవై నెలలు ఆపింది ఆ గోడలే. మనుషులు ఉన్నంతసేపు గోడ పనిచేస్తుంది.

సరంగు:
వచ్చే ట్రిప్పులో మాకు అల్జెసిరాస్ ఉంది, షోర్ లీవ్ దొరికితే నాలుగు గంటలు ఉంటాయి. చూడదగ్గది ఏమైనా మిగిలిందా, లేక అంతా క్రేన్లేనా?

కోటగోడ:
మిగిలింది. మరీనిద్ గోడల పార్కు ఉంది, ఊరి మధ్యలోనే. కందకం, దాని మీద వంతెన, ద్వారం అడుగుభాగం, బురుజుల మొదళ్లు కనిపిస్తాయి. రాతి గుండ్లు కూడా చూడొచ్చు. అక్కణ్ణుంచి ప్లాజా ఆల్తాకు నడవొచ్చు, అక్కడున్న పల్మా మాత చర్చి 18వ శతాబ్దంలో కట్టింది, పాత మసీదు ఆనవాళ్లు వెతక్కండి. మియెల్ నది కోసం చూడకండి, ఊళ్లో దాన్ని ఎప్పుడో కప్పేశారు. ఫోటోలు ఈ దారంలోనే పెట్టండి.

కొత్తగా వచ్చా:
అన్నా, కందకం లోతు తెలిసేట్టు పక్కన మనిషిని నిలబెట్టి తీయి. నెలల తరబడి దాని ముందు కూర్చున్నరు అంటే ఎంత ఉండేదో చూడాలని ఉంది.